మాస్టారు ముట్టని రొట్టె

ఆదివారం ఆరాధనకి బయల్దేరుతుంటే ఫోనొచ్చింది. మా సండే స్కూలు మాస్టారు ఆసుపత్రిలో పోయారట. ఫోనెత్తింది మా నాన్న. ఒక చెప్పు కాలికీ ఒకటి చేతిలోనూ ఉండగానే గుమ్మంలో కూలబడ్డాడు.

అండమాన్‌లో బాంబూఫ్లాట్ మా ఊరు. మాస్టారి ఇల్లూ మా ఇల్లూ పక్కపక్కనే. వారమంతా ఫెర్రీ ఎక్కి పోర్ట్ బ్లెయిర్ వర్క్‌షాపుకి వెళ్ళే ఫిట్టర్ ఆయన. ఆదివారం మాత్రం మాకు మాస్టారు. తెలుగు మాట్లాడడమే గాని చదవడం రాని మా చేత ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి బైబిలు చదివించారు. గ్రీజు వదలని ఆ వేలి పక్కనే "నిబంధన" అనే మాట మొదటిసారి కూడబలుక్కున్నాను.

"నిబంధనంటే ఏటి మాస్టారూ, కాంట్రాక్టా?" అని అడిగాను.

"కాదమ్మా. కాంట్రాక్టయితే ఒకడు తప్పితే ఖతమ్. నిబంధనలో ఒకడు తప్పినా రెండోవాడు చెయ్యి వదలడు. అందుకే ప్రభువు రక్తం కార్చాల్సొచ్చింది."

ఆ మాట ఎంత బరువో అప్పటికి ఆయనకీ తెలిసి ఉండదు.

మాస్టారికీ ఆయన భార్యకీ ఒక్కడే కొడుకు. నేను కాలేజీలో చేరిన ఏడాది, సముద్రం బాగాలేదని నలుగురూ చెబుతున్నా వినకుండా మా నాన్న చేపలకి డోంగీ తీశాడు. సాయానికి మాస్టారి కొడుకుని రమ్మన్నాడు. పడవ తిరగబడింది. ప్రాణాలతో ఒడ్డుకి చేరింది నాన్న ఒక్కడే.

సమాధి దగ్గర పాస్టరు అయ్యగారు, దేవుడు అడిగితే కొడుకుని బలివ్వబోయిన అబ్రాహాము గురించి చెప్పబోతే మాస్టారు తలెత్తారు.

"అబ్రాహాము కొడుకుని ఎంటబెట్టుకుని తిరిగెళ్ళాడు అయ్యగారూ. నేనెవరికీ ఇవ్వలేదు. నా దగ్గర్నుంచి పోయాడు."

అయ్యగారు బైబిలు మూసేశారు.

నాన్న చర్చికి రావడం మానేశాడు. మాస్టారు మానలేదు. కాని నెలకోసారి రొట్టె, ద్రాక్షరసం తీసుకోడానికి ప్రభువు బల్ల దగ్గరికి అందరూ లేచి వెళుతుంటే ఆయన బెంచీ మీదే ఉండిపోయేవారు. కడుపులో పగ పెట్టుకున్నాడు, అందుకే రొట్టె ముట్టడం లేదని సంఘంలో అనుకున్నారు. మేమూ అలాగే అనుకున్నాం. పెరట్లో బట్టలారేస్తున్నప్పుడు కూడా మా అమ్మ వాళ్ళ వైపు చూసేది కాదు.

అలా మూడేళ్ళు గడిచాయి. ఒక శుక్రవారం సాయంత్రం ఆయన మా గుమ్మంలోకి వచ్చారు. నాన్న లేచి నిలబడ్డాడు.

"భయ్యా, ఎల్లుండి బల్ల ఉంది. వస్తావా?"

"ఏ మొకం ఎట్టుకుని రానండి మాస్టారూ?"

"నిన్ను చూస్తే కోపం రాదని అబద్ధమాడను. ఇప్పుడూ వస్తంది. మగర్ నువ్వు లేకుండా ఆ రొట్టె నా గొంతు దిగదు. మూడేళ్ళ నుంచీ నీకోసమే ఆ బెంచీ మీద కూచున్నాను. ఇంకెన్నాళ్ళు కూచోమంటావ్?"

నాన్న మొహం కప్పుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. బలి అనే మాటకి అర్థం పుస్తకంలో ఎన్నిసార్లు చదివానో. అది తెలిసింది మాత్రం ఆ సాయంత్రమే.

ఆదివారం ఇద్దరూ పక్కపక్కన మోకరించారు. నాన్న చేతిలోంచి రొట్టెముక్క జారి కింద పడిపోయింది. మాస్టారు తన ముక్క విరిచి సగం నాన్న చేతిలో పెట్టారు.

ఆ రోజుతో అంతా చక్కబడిందని చెప్పను. కొడుకు పుట్టినరోజున మాస్టారు తలుపు తీసేవారు కాదు. మర్నాడు మాత్రం గోడవతల నుంచి, "భయ్యా, చాయ్ తాగావా?" అని కేకేసేవారు.

ఫోనొచ్చిన మర్నాడు, సోమవారం, మాస్టారిని కొడుకు పక్కనే సమాధి చేశాం. వాన పడుతూనే ఉంది. ఎంతమంది అడిగినా నాన్న పార ఇవ్వలేదు. ఆయాసపడుతూ చివరిదాకా తనే మట్టి పోశాడు. అందరూ కదిలాక మాస్టారి భార్య బకెట్టుతో నీళ్ళు తెచ్చారు. కొడుకు పోయిన రోజు నుంచీ ఆవిడ నాన్నతో ఒక్క మాటా మాట్లాడలేదు. ఇప్పుడూ మాట్లాడలేదు. మగ్గు ముంచి నాన్న చేతుల మీద నీళ్ళు పోశారు. వేళ్ళ సందుల్లోంచి ఎర్రమట్టి కారిపోతుంటే, మళ్ళీ ముంచి పోశారు.