మస్కట్ పన్నెండు గంటలు

నా చిన్నప్పుడు మా అమ్మ మధ్యాహ్నం అన్నం ఏనాడూ ఒంటరిగా తినలేదు. ఆమె పక్కన ఎవరూ కూర్చునేవారు కాదు, అది వేరే సంగతి. మా నాన్న మస్కట్‌లో బిల్డింగు పనిలో ఉండేవాడు. రెండేళ్లకోసారి వచ్చి రెండు నెలలుండి పోయేవాడు. ఒకసారి పోతూ పోతూ తన చేతి గడియారం విప్పి అమ్మకిచ్చి, దీంట్లో పన్నెండు పడిందంటే అక్కడ అన్నానికి సైరన్ కూసినట్టు, నేను డబ్బా తెరిచేది అప్పుడే, నువ్వూ అప్పుడే తిను అని చెప్పాడట. అందులో ఉన్నది మస్కట్ టైము. దాన్ని మార్చాలని అమ్మకు ఎన్నడూ తోచలేదు.

ఆ గడియారానికి ముళ్లు లేవు. ముదురు ఎరుపు అద్దం, అంతే. ఊరికే చూస్తే నల్లటి బిళ్లలా ఉంటుంది. పక్కనున్న మీట నొక్కితే లోపల నాలుగు ఎర్రటి అంకెలు వెలుగుతాయి, వేలు తీస్తే ఆరిపోతాయి. మొదట వచ్చిన ఎల్‌ఈడీ గడియారాలన్నీ అంతే. నొక్కినప్పుడల్లా సెల్లులు తినేస్తాయి. అలాంటి సెల్లులు ఆ రోజుల్లో మా ఆర్మూర్‌లో అడిగినా దొరికేవి కావు. అందుకని అమ్మ రోజుకు ఒక్కసారే నొక్కేది. అదెట్లా సాధ్యమంటే, మా ఇల్లు తూర్పు ముఖం. మధ్యాహ్నం దాటాక ఇంటి నీడ గడప దిగి వాకిట్లోకి వస్తుంది. అమ్మ బీడీలు చుడుతూ ఓరకంట ఆ నీడను చూస్తుండేది. మొదటి బండ మీద ఒక పగులు ఉండేది. నీడ దాన్ని తాకగానే బీడీల చేట పక్కకు జరిపి, చేతులు కడుక్కుని, గూట్లోంచి గడియారం తీసి మీట నొక్కేది. పన్నెండు. అమ్మకు చదువు రాదు కానీ అంకెలు నాన్న నేర్పాడు.

ఇక నా ఘనకార్యం. నాకు అప్పుడు తొమ్మిదేళ్లు. మా నాన్న గడియారంలో మంట ఉంటుందని బడిలో చెప్పుకుంటే ఒక్కరూ నమ్మలేదు. పౌరుషం వచ్చి, బడి వదిలాక అమ్మ నీళ్లకు పోయినప్పుడు దాన్ని గౌనులో దాచి మార్కెట్ యార్డుకు తీసుకుపోయాను. పసుపు సీజను. ఎక్కడ చూసినా పసుపు కొమ్ముల కుప్పలు. ఎండలో నొక్కితే ఆ అంకెలు కనబడవు. అందుకని ఖాళీ గోనెసంచి కప్పుకుని దాని కిందికి ఒక్కొక్కరినీ పిలిచి చూపించాను. నమ్మనివాళ్లకు రెండుసార్లు, బతిమాలినవాళ్లకు మూడుసార్లు. తుమ్ములు, నవ్వులు. ఆఖరికి ఎంత నొక్కినా ఏమీ వెలగలేదు. పిల్లలంతా వెళ్లిపోయాక ఆ సంచి కింద ఒక్కదాన్నే ఇంకాసేపు నొక్కుతూ కూర్చున్నాను.

బస్టాండు దారిలో ఒక తాత ఉండేవాడు. అద్దాల పెట్టె వెనక కూర్చుని, కంటికి భూతద్దం బిగించుకుని గడియారాలు బాగుచేసేవాడు. ఆయన దగ్గరికి పరుగెత్తి, అమ్మే పంపిందని అబద్ధమాడాను. ఆయన పాపం ఏమీ అడగలేదు. ఎవరో దుబాయి మనిషి కోసం నిజామాబాద్ నుంచి తెప్పించి ఉంచిన సెల్లులు రెండు వేశాడు. చిన్న రంధ్రంలో సూది పెట్టి నొక్కుతూ, తన చేతి గడియారం చూసుకుంటూ టైము సరిచేసి ఇచ్చాడు. బతుకుజీవుడా అనుకుంటూ తెచ్చి గూట్లో పెట్టేశాను.

మర్నాడు బడికి సెలవు. నీడ పగులును తాకింది. అమ్మ చేతులు కడుక్కుని మీట నొక్కింది. ఇంకోసారి నొక్కింది. ఒకటీ ముప్పై అని ఉంది. ఆమె ఒక్కసారి నీడ వంక, ఒక్కసారి గడియారం వంక చూసి, వడ్డించుకున్న కంచం మీద మూత పెట్టింది.

“ఇయ్యాల మీ నాయిన తినేసి లేసిండు” అంది.

అంతే. కోపమూ లేదు, ఏడుపూ లేదు. మళ్లీ చేట ముందు కూర్చుంది. మూత పెట్టిన కంచం అలాగే ఉంది. సాయంత్రం దాకా ఓర్చుకుని అంతా చెప్పేశాను. తిట్టి కొట్టి ఉంటే నాకు బాగుండేది.  అమ్మ పొద్దున్నే కొంగు తలమీదికి లాక్కుని, నన్ను వెంటబెట్టుకుని తాత దుకాణానికి నడిచింది.

తాత మొదట చిన్నబుచ్చుకున్నాడు. రేడియో టైముకు పెట్టానని, నిమిషం తేడా ఉన్నా చూపించమని అన్నాడు.

“గది ఈడి టైము పెద్దయ్యా” అంది అమ్మ. “నాకు ఆడి టైము గావాలె.”

విషయం అర్థమయ్యేసరికి ఆయన భూతద్దం తీసి బల్ల మీద పెట్టాడు. “తప్పు నాదే బిడ్డా. తెరిసే ముందుగాల అడగాలె. నేను అడగకపోతి” అన్నాడు.

అక్కడికీ ఇక్కడికీ ఎంత తేడానో ఆయనకూ తెలియదు. గల్ఫు నుంచి వచ్చినవాళ్లను బజార్లో ఇద్దరిని అడిగాడు. ఒకరు గంటన్నారు, ఇంకొకరు కొట్టినట్టు రెండు గంటలన్నారు. ఉత్తరం రాస్తే జవాబుకు నెలన్నర. అన్నాళ్లు అమ్మ ఎప్పుడు తినాలి? తాత కాసేపు ఆలోచించి, రోజూ దేన్ని చూసి మీట నొక్కుతావని అడిగాడు. నీడను చూసి అని అమ్మ చెప్పింది. ఆయన మధ్యాహ్నం మా ఇంటికొస్తానన్నాడు.

మంచి బేరమున్న వేళ దుకాణం మూసుకుని నిజంగానే వచ్చాడు. వాకిట్లో గోనెపట్టా మీద కూర్చుని, ఒక చేతిలో గడియారం, ఒక చేతిలో సూది పట్టుకుని అమ్మ ముఖం చూస్తూ ఉండిపోయాడు. అమ్మ తలవంచుకుని బీడీలు చుడుతోంది. నీడ గడప దిగింది. బండ మీద పాకింది.  అమ్మ చేతులు ఆగాయి. “ఇగో” అంది. తాత సూది నొక్కాడు. పన్నెండు పడింది. తన చేతి గడియారం చూసుకుంటే ఒంటిగంటన్నర.

నీడ ఇంత పక్కాగా తెలిసినప్పుడు నీకు గడియారమెందుకు బిడ్డా అని ఆయన నవ్వాడు.

“నీడ మనది పెద్దయ్యా” అంది అమ్మ. “గీ గడియారంల ఆయనుంటడు.”

తాత నవ్వు ఆపేశాడు. అమ్మ ఆయనకూ ఒక కంచం పెట్టి, తనూ తింది.

ఆ కథ అక్కడితో అయిపోలేదు. అమ్మ ఉత్తరాలు రాసేదీ చదివేదీ నేనే. తేడా ఎంతో అడిగి నాన్నకు రాశాం. జవాబు వచ్చింది. గంటన్నర అని మొదటి వాక్యంలోనే ఉంది. గట్టిగా చదివాను. అమ్మ ముఖం వెలిగిపోయింది. దాని కిందే నాన్న ఇంకో మాట రాశాడు. సైటు మారి ఏడాది దాటిందట, ఇప్పుడు అన్నానికి వదిలేది అక్కడి ఒంటిగంటకట. మాట నాలుక చివరిదాకా వచ్చింది. అమ్మ సగం చుట్టిన బీడీ చేతిలో పట్టుకుని వింటోంది. ఏడాదిగా ఆమె ఒక్కతే తింటోందన్నమాట. రేడియో టైముకు సరిచేసిన తాత గుర్తుకొచ్చాడు, సూది పట్టుకుని ఆమె చెప్పేదాకా కాచుకున్న తాతా గుర్తుకొచ్చాడు. ఆ వాక్యం దాటేసి, అందరినీ అడిగినట్టు చెప్పు అన్న దగ్గర అందుకున్నాను.

తర్వాతి ఏడు నాన్న వచ్చాడు. నీడ పగులు తాకినప్పుడు అమ్మ ఆయనకు వడ్డిస్తూ, మీరు తినే వేళ నేను ఒక్కరోజే తప్పానని గొప్పగా చెప్పుకుంది. నాన్న ముద్ద ఆపి నా వంక చూశాడు. నేను తల దించుకున్నాను.

“ఔ, పన్నెండు గొట్టంగనే డబ్బ దెరుస్త” అన్నాడు, నన్ను చూస్తూనే.

వాళ్లిద్దరూ పోయి చాలా ఏళ్లయింది. నాకు అరవై దగ్గరపడ్డాయి. నిజామాబాద్‌లో ఐటీఐ చదివి, టీవీలు బాగుచేసి బతికాను. ఒక్కదాన్నే ఉంటాను. రోజులో నాతో మాట్లాడేది ఎక్కువగా కొరియర్ అబ్బాయే. అతను తెచ్చే పెట్టెల్లో ఆ కాలపు ఎర్ర అద్దాల గడియారాలు ఉంటాయి. చిలుము గోకి, తెగిన సన్నటి తీగలు అతికి, వెనక మూత మీది నెంబరూ లోపలి సర్క్యూటు పలకా చూసి ఏది అసలో ఏది అతుకులబొంతో చెబుతాను. పుణె నుంచి ఒకాయన అమ్మ గడియారం ఫొటో చూసి, అలాంటి పలక ఉన్నవి ఇప్పుడు వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే మిగిలాయని, తనకు అమ్మమని వెంటపడ్డాడు. మీట సందులో ఇంకా పసుపు ఉందని చెబితే శుభ్రం చేయిస్తానన్నాడు. టైము గంటన్నర వెనకుందంటే, అదీ సరిచేయిస్తానన్నాడు. ఫోను పెట్టేశాను. తర్వాత ఎత్తలేదు.

ఏ గడియారం వచ్చినా మూత తెరవకముందే దాని మనిషికి ఫోను చేసి, ఇది నడిచినన్నాళ్లూ ఏ టైము చూపించేదని అడుగుతాను. విసుక్కునేవాళ్లే ఎక్కువ. కొందరు మాత్రం, మా నాయన ఎప్పుడూ ఐదు నిమిషాలు ముందుకు పెట్టుకునేవాడు అని చెబుతారు. ఐదు నిమిషాలు ముందుకే పెట్టి పంపుతాను. అప్పుడు నేను దాటేసిన వాక్యం గురించి మాత్రం ఎవరిని అడగాలో తెలియలేదు. అమ్మను అడిగి ఉండాల్సిందేమో.

ఒంటిగంటన్నరకు కంచం పెట్టుకుని మీట నొక్కుతాను. పన్నెండు. అక్కడ డబ్బా తెరిచేవాళ్లు నాకెవరూ లేరు. కానీ ఇప్పుడు సెల్లులకు కరువు లేదు. అందుకని మొదటి ముద్ద మింగేదాకా ఎడమచేతి వేలు ఆ మీట మీంచి తీయను.