ఒకే ట్రేలో రెండు కేబుళ్లు

ఒక మనిషి ఉద్యోగం పోవడానికి కారణం నేను. ఈ వాక్యం రాయడానికి నాకు ఇన్నేళ్లు పట్టింది. రాసి చదువుకుంటే అదీ పూర్తి నిజం కాదనిపిస్తోంది. ఉద్యోగం ఒక్కటే పోయుంటే ఈపాటికి ఏదో ఒకటి చెప్పి మనసును సర్దుకునేదాన్ని. అతని మీద నలుగురికీ ఉన్న నమ్మకం పోయింది. పోగొట్టింది నేనని అతనికి తెలియదు. నా భర్తకూ తెలియదు. మీకు చెబుతున్నాను, ఎందుకంటే మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు చెప్పను.

పాప నిద్రపోయింది. దీపం వెలుగుకు లేస్తుందేమోనని వంటింట్లో కూర్చుని రాస్తున్నాను.

తెలంగాణ ఉద్యమం జోరుగా సాగుతున్న రోజులవి. ఇంజనీరింగ్ ముగించి ఎల్‌బీ నగర్‌లో ఒక చిన్న సంస్థలో చేరాను. ఫ్యాక్టరీలకు కంట్రోల్ ప్యానెళ్లు తయారుచేసి బిగించడం మా పని. పెద్ద అంబర్‌పేట్ దాటాక ఒక పాల ప్లాంటు ఉండేది, దాన్ని నాకు అప్పగించారు. అక్కడ పాలను తోసే పంపు మోటారును ఒక డ్రైవ్ తిప్పుతుంది. ఎంత వేగంగా తిప్పాలో కంట్రోలర్ చెబుతుంది. ఆ రెండింటి మధ్య మాట నడిచేది పెన్సిలంత సన్నని కేబుల్‌లో. మాట కాస్త తెగినా డ్రైవ్ మోటారును ఆపేస్తుంది. పంపు ఆగితే పాలు గొట్టాల్లో నిలిచిపోతాయి. కాసేపటికి చెడిపోతాయి.

ఆ సన్నని కేబుల్‌ను మోటార్లకు కరెంటు మోసే లావు కేబుళ్లకు దూరంగా, వేరే గొట్టంలో తీసుకెళ్లాలి. లేకపోతే వాటి రొద దీని మాటలో కలుస్తుంది. ఇది నాకు తెలుసు. కానీ గోడకు రంధ్రం కొట్టి వేరే గొట్టం వేయాలంటే ఇంకో పూట పని. మర్నాడు బంద్. సాయంత్రానికే బస్సులు తగ్గిపోతాయని, చీకటి పడకముందే దిల్‌సుఖ్‌నగర్ చేరుకోమని అమ్మ ఫోన్ మీద ఫోన్ చేస్తోంది. వైరింగ్ పనివాళ్లు అప్పటికే వెళ్లిపోయారు. నేనే నిచ్చెన ఎక్కి, ఆ కేబుల్‌ను లావు కేబుళ్లు వెళ్లే ట్రేలోనే పరిచేశాను. మళ్లీ వచ్చి మార్చుదామనుకున్నాను. లైను చక్కగా నడిచింది. మరిచిపోయాను. నిజంగా మరిచిపోయానా? గుర్తు రాకుండా చూసుకున్నానా?

కొన్నాళ్లకు లైను ఆగడం మొదలైంది. డ్రైవ్ తెర మీద కమ్యూనికేషన్ ఫాల్ట్, అంటే మాట తెగిందని, వచ్చేది. వెళ్లి కనెక్టర్లు చూశాను. రెండువైపులా సెట్టింగులు సరిచూశాను. డ్రైవ్‌నే మార్చి చూశాను. నేను వెళ్లిన రోజున ఏ గొడవా ఉండేది కాదు. బంద్ రోజున ఆగేది. రాస్తారోకో రోజున ఆగేది. ఆ రోజుల్లో బస్సులుండవు, నేను వెళ్లలేను. బంద్ రోజునే ఆగే యంత్రాన్ని చూసి ఎవరైనా ఏమనుకుంటారు? ఎవరో కావాలనే ఆపుతున్నారని అందరూ అనుకున్నారు. నేనూ అనుకున్నాను.

అక్కడి షిఫ్టు ఆపరేటర్ పేరు యాదగిరి అనుకోండి. అసలు పేరు రాయను. నల్గొండ వైపు పల్లె నుంచి వచ్చి హయత్‌నగర్‌లో కిరాయికి ఉండేవాడు. డ్యూటీ దిగాక నేరుగా ఎల్‌బీ నగర్ చౌరస్తాలో దీక్షా శిబిరానికి పోయేవాడు. రోడ్డు మీద వంటావార్పు జరిగిన రోజున గరిటె పట్టుకుని నిలబడి, బస్సులో ఉన్న నన్ను గుర్తుపట్టి చెయ్యి ఊపాడు. నేను తల తిప్పుకున్నాను. మేము గుంటూరు నుంచి వచ్చి దిల్‌సుఖ్‌నగర్‌లో స్థిరపడినవాళ్లం. బస్సులో ఫోన్ ఎత్తొద్దు, యాస తెలిసిపోతుంది అనేది అమ్మ. వీధిలో ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారో నాన్న కిటికీలోంచి చూసేవారు. ఆ చూపే నాకూ వచ్చింది. యాదగిరి ఫోన్ ఛార్జింగ్ పెట్టుకోవడానికి ప్యానెల్ గదిలోకి వెళ్తే ఎంతసేపు ఉన్నాడో గమనించేదాన్ని. నన్ను చూసి నవ్వితే, ఎందుకు నవ్వాడా అని ఆలోచించేదాన్ని.

ఒకసారి భోజనాల దగ్గర అతనే అన్నాడు. "మేడం, గీ మిషన్ గూడ ఉద్యమంల చేరిందేమో చూడున్రి. బంద్ అంటే సాలు, పని జెయ్యనంటది."

"అయితే దానికి గూడ ఓ కండువ కప్పున్రి" అన్నారు పక్కనుంచి ఎవరో. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. సాయంత్రం ఆ మాటను ప్లాంటు ఓనరుగారి చెవిన వేశాను. ఊరికే, మాటల్లో మాటగా. ఊరికేనా? ఆయన ముఖం మారడం చూసి కూడా, అది హాస్యానికి అన్నాడు సార్ అని ఎందుకు అనలేదు?

తర్వాత ఒక రోజు, నేను ప్లాంటులో ఉండగానే హైవే మీద హఠాత్తుగా రాస్తారోకో మొదలైంది. పాల ప్యాకెట్ల బండ్లు గేటు దాటలేకపోయాయి. ట్యాంకులు నిండిపోయాయి. పాలను చల్లగా ఉంచడానికి రెండో చిల్లింగ్ మోటారును కూడా వేశారు. మామూలు రోజుల్లో ఒక్కటే నడుస్తుంది. రెండోది అందుకోగానే, కంట్రోలర్‌కూ డ్రైవ్‌కూ మధ్య తప్పిన మాటల లెక్క నా లాప్‌టాప్‌లో పెరగసాగింది. అది దానంతటదే ఆగినప్పుడు లెక్కా ఆగింది. మళ్లీ అందుకుంది, మళ్లీ పెరిగింది. తలెత్తి చూశాను. పైన ట్రేలో ఆ రెండో మోటారు లావు కేబుల్. దాన్ని ఆనుకుని నేను పరిచిన సన్నని కేబుల్. బండ్లు ఆగిన రోజున రెండో మోటారు నడుస్తుంది. అది నడిస్తే లైను ఆగుతుంది. ఎవరి చెయ్యీ పడనక్కర్లేదు.

అంతలో పంపు ఆగింది. ఓనరుగారు యాదగిరిని వెంటబెట్టుకుని వచ్చారు.

"ఏమ్మా, చదువుకున్నదానివి నువ్వు చెప్పు. తప్పు మిషన్‌దా, వీడిదా?"

యాదగిరి నా వైపు తిరిగాడు. భయపడలేదు. నేనున్నానన్న ధీమా అతనిది. "మేడం, మీరే జర మంచిగ జూసి చెప్పున్రి. నేను దాన్ని ముట్టనే లేదు. పొద్దుగాల్నుంచి మీ ముంగట్నే ఉన్న గద."

"నీ ముందే ఉన్నాడా?" అన్నారు ఓనరుగారు.

నేను తెర వైపే చూస్తూ చెప్పాను. "కంట్రోలర్‌లో గానీ డ్రైవ్‌లో గానీ ఏ లోపమూ లేదు సార్. మధ్యలో నేను టీకి వెళ్లొచ్చాను."

"విన్నావుగా? ఇంక ఉద్యమమే చేసుకో, పో."

"గంతేనా మేడం?" అన్నాడు యాదగిరి.

నేను లాప్‌టాప్ మూసి సంచిలో పెట్టుకున్నాను.

చూడండి, నేను అన్న రెండు మాటల్లో ఒక్కటీ అబద్ధం కాదు. కంట్రోలర్ బాగానే ఉంది. డ్రైవ్ బాగానే ఉంది. టీకి వెళ్లిన మాటా నిజమే. ఇన్నేళ్లుగా దాన్నే పట్టుకుని వేలాడాను. కానీ నిజాలనే ఏరుకుని ఒక మనిషి చుట్టూ పేర్చడానికి నాకు ఆలోచించే వ్యవధి కూడా అక్కర్లేకపోయింది. అదంతా నాలో ముందే సిద్ధంగా ఉందా?

దీని తర్వాత చేసింది ఇంకా ఘోరం. అతను వెళ్లిపోయిన కొన్నాళ్లకు, సెలవు రోజు చూసి, తనిఖీ పేరుతో ప్లాంటుకు వెళ్లాను. ఆ కేబుల్‌ను ట్రేలోంచి తీసి వేరే గొట్టంలో వేశాను. తప్పు దిద్దుకుంటున్నాననే అనుకున్నాను. తర్వాతి బంద్ రోజున లైను ఆగలేదు. ఆ తర్వాత కూడా ఆగలేదు. వాడు పోయాక మిషన్ ఎంత బుద్ధిగా నడుస్తోందో చూశారా అని ఓనరుగారు చుట్టుపక్కల ఫ్యాక్టరీల వాళ్లందరికీ చెప్పారు. నా ఎదుటే చెప్పారు. నేను తల ఊపాను. అతని మీద అప్పటిదాకా ఉన్నది అనుమానం. నా మరమ్మతు దాన్ని రుజువుగా మార్చింది.

యాదగిరి ఒకసారి ఫోన్ చేశాడు. హయత్‌నగర్‌లో ఇంకో చోట పని అడిగానని, అక్కడివాళ్లకు తన గురించి ఒక మాట చెప్పమని. సరే అన్నాను. చెప్పలేదు. తర్వాత అతని నంబరు కనబడితే ఎత్తలేదు. కొన్నాళ్లకు ఫోన్లు రావడం మానేశాయి.

అతను తెలంగాణవాడు, నేను ఆంధ్రా నుంచి వచ్చినదాన్ని, కాలం అలాంటిది అని చెప్పుకుని చూశాను. కుదరలేదు. ఆ నిమిషంలో నాకు ఏ ప్రాంతమూ గుర్తు లేదు. నా పేరు చెడిపోతుందన్న భయమొక్కటే ఉంది. అయినా, అతని స్థానంలో మా వీధి అబ్బాయి ఉండుంటే అంత తేలిగ్గా వదిలేసేదాన్నా? ఆ ప్రశ్న దగ్గరికి వచ్చేసరికి నా మీద నాకే నమ్మకం పోతుంది.

ఇతరుల మీదా పోయింది. పాపను చూసుకునే క్రెష్ ఆవిడ "మంచిగనే తిన్నది మేడం, మంచిగనే పండుకున్నది" అని నిదానంగా చెబుతుంది. ఆమె మాటలో ఏ తేడా లేదు. నాకు మాత్రం నమ్మకం కుదరదు. పాప ఒళ్లంతా తడిమి చూస్తాను. ఒంటి మీద చిన్న గీత కనబడితే చాలు, రాత్రంతా నిద్రుండదు. ఆమెను అవమానిస్తున్నావని మా వారు కోప్పడతారు. ఆయనకేం తెలుసు? తెర వైపు చూస్తూ నేను మాట్లాడినప్పుడు నా గొంతు కూడా అంతే నిదానంగా ఉంది.

ఓనరుగారి నంబరు నా ఫోన్‌లో ఇప్పటికీ ఉంది. ఇప్పుడైనా చెప్పొచ్చు. చెబుతానని మీకు మాట ఇవ్వలేను. యాదగిరి ఎక్కడున్నాడో తెలియదు. వెతికానా అంటే, లేదు. క్షమించమని అడగడానికి కూడా అతను ఎదురుగా ఉండాలి కదా, అందుకే అడగడం లేదు.

ఇన్నాళ్లూ మనసులో కూడా 'అక్కడ ఒక పొరపాటు జరిగింది' అని మాత్రమే అనుకునేదాన్ని. ఇప్పుడు ఉన్నదున్నట్టు రాస్తున్నాను. కేబుల్ అక్కడ పరిచింది నేను. తెలిసి కూడా నోరు మూసుకున్నది నేను. దొంగచాటుగా బాగుచేసింది నేను. యాదగిరి ఏమీ చేయలేదు.

యాదగిరి ఏమీ చేయలేదు. ఈ మాటను, ఖాళీ వంటింట్లో, పైకే అన్నాను.