ఆపా కొట్టేయమన్న విసురు

నిన్న శంషాబాద్‌లో ఒక పెళ్లికి వెళ్తే, కాళ్ల కింద నలిగిన పసుపు అక్షింతల వాసన దగ్గర ఆగిపోయాను. అలవాటు కొద్దీ పోయినవన్నీ కూడుకున్నాను. డిగ్రీ అయ్యాక మేం షాట్‌పుట్ గుండు విసిరిన ఫంక్షన్ హాలు రోడ్డు వెడల్పులో పోయింది. ఆడపిల్ల గుండు విసరడమేమిటని రెండు సంబంధాలు పోయాయి. కుడి భుజంలో సత్తువ పోయింది. ఈ మూడూ తట్టుకున్నాను. కిందటేడు మహమూదా ఆపా పోయింది.

ఆపా అంటే అక్క. ఆమె ఒక బడిలో ఆటల టీచరు, నాకంటే పదిహేనేళ్లు పెద్ద. ముహూర్తాలు లేని రోజుల్లో ఆ హాలు అడిగి తీసుకుని, నేల పగలకుండా పరుపులు పరిచి, రబ్బరు తొడుగున్న గుండుతో నాకు నేర్పేది, తనూ విసిరేది. విసిరే వలయానికి ముందు ఒక అడ్డుచెక్క ఉంటుంది. దాని లోపలి అంచుకు పాదం ఆనించవచ్చు. పైభాగం తాకితే ఆ విసురు చెల్లదు. పెళ్లిళ్లలో మిగిలిన పసుపును ఆపా ఆ చెక్క పైభాగాన పూసేది. విసిరిన ప్రతిసారీ బూటు ఎత్తి, పసుపు అంటలేదని చూపించాలి.

"ఏది, కాలు చూపియ్. అగో, పెండ్లిపిల్ల లెక్క అయినవ్! చెల్లదు."

"జరంతే కదా ఆపా! ప్రాక్టీసే కదా!"

"గీడ జరంత ఇడిస్తే, పోటీల జానెడు ఇడుస్తవ్."

రాష్ట్ర జట్టులో ఒక్కరికే చోటున్న ఇండోర్ పోటీకి ఇద్దరం దిగాం. మోకాలు అరిగి, ఆపాకు అదే చివరి ఏడు. అన్నేళ్లలో ఆ జట్టు చొక్కా ఆమెకు ఒక్కసారీ అందలేదు. నాది 11.68 మీటర్లు, ఆమెది 11.60. చివరి వంతులో ఆపా గుండు మెడకు ఆనించి, అంత పెద్ద మనిషీ గాలిలా కదిలింది. పరుపు మీద గుండు పడిన చప్పుడుకు హాలంతా అటు తిరిగింది. టేపు లాగి 12.31 అన్నారు. నేను ఎగిరి గంతేశాను.

"కొట్టెయ్యుండ్రి సార్," అంది ఆపా. "చెక్క తగిలింది."

"మేం జూడలేదు గదమ్మా. చెల్లిందని తెల్లజెండా గూడ లేపినం," అన్నాడు అధికారి.

"మీరు జూడలే. నా కాలుకు ఎరుకైంది."

కొట్టేశారు. చోటు నాకొచ్చింది. తిరుగు బస్సు ఆరాంఘర్ చేరేసరికి ఆపా నా వైపు తిరిగింది.

"ఏంది, మొకం గట్ల పెట్టినవ్? గెలిచినవ్, చాయ్ తాపియ్."

"నాకొద్దు ఆపా ఆ చోటు."

"గది నేనిచ్చింది కాదు పిల్లా, నువ్వు ఇసిరినందుకు వచ్చింది. పోయి, నాదంత ఇసిరి రా."

సరేనన్నాను. ఆ తర్వాత తొమ్మిదేళ్లు విసిరాను. ఏ రికార్డులోనూ లేని ఆ 12.31 ఒక్కటే కళ్ల ముందు ఉండేది. నా జీవితంలో అతి పెద్ద విసురు 12.04. ఆపాకు ఇంకా ఇరవై ఏడు సెంటీమీటర్లు బాకీ.