వంటావిడ విచారణకు వెళ్లిన రోజు

ఎనభైల మొదట్లో అమెరికాలో, షికాగో దగ్గరి షామ్‌బర్గ్‌లో, ఒక చర్చి బేస్‌మెంట్‌లో నడిచే చిన్న సేవా సంస్థకి నేను డైరెక్టర్ని. దిక్కులేని ముసలివాళ్లకి మధ్యాహ్నం భోజనం పెట్టడం మా పని. పేరుకి డైరెక్టర్నే గానీ ఉద్యోగులం ముగ్గురమే: నేను, వంటావిడ, వ్యాన్ డ్రైవరు. మావారు వేరే రాష్ట్రంలో పనిచేస్తూ నెలకోసారి వచ్చేవారు. పిల్లలు లేరు. ఆ ఊళ్లో నాతో రోజూ కబుర్లు చెప్పే మనిషి వంటావిడ ఒక్కతే. అరవైకి దగ్గరపడిన నల్లజాతి స్త్రీ. అందరూ తిని వెళ్లాక వంటింట్లో నిలబడే ఇద్దరం తినేవాళ్లం. నా డబ్బాలోని ఆవకాయ రుచి చూసి, కళ్లనీళ్లు తుడుచుకుంటూనే "ఇంకొంచెం వెయ్యి" అనేది.

ప్రభుత్వం గ్రాంటు కోసేసింది. వంటావిడ పని వారానికి రెండు రోజులకి తగ్గించమని మా సంస్థని నడిపే బోర్డు తీర్మానించింది. చెప్పాల్సింది నేనే. ఆమె విని, ఏప్రన్ విప్పి మడతపెట్టింది.

"రెండు రోజుల జీతంతో నేనెలా బతకను? అయితే మానేస్తున్నా" అని కోటు తొడుక్కుని వెళ్లిపోయింది.

తర్వాత నిరుద్యోగ భృతికి దరఖాస్తు పెట్టుకుంది. మా సంస్థ దానికోసం ముందుగా పన్నేమీ కట్టదు. మా దగ్గర పని పోయినవాళ్లకి ప్రభుత్వం ఇచ్చిందంతా తర్వాత మేమే తిరిగి చెల్లించాలి.

బోర్డు అధ్యక్షుడు నన్ను పిలిచాడు. "విచారణలో తనే మానేసిందని చెప్పు, అప్పుడు భృతి ఇవ్వరు. నీ ముందే అంది కదా. ఈ బరువు కూడా మీద పడితే మనం మూసుకోవాల్సిందే" అన్నాడు. చెడ్డవాడు కాదు. మంచు పడిన రోజుల్లో తన కార్లోనే ఇంటింటికీ భోజనాలు చేరవేసేవాడు.

ఆ సాయంత్రం మావారికి ఫోన్ చేశాను.

"ఆయన చెప్పినట్టు చెప్పేసెయ్. నువ్వెందుకు వర్రీ అవుతావ్? ఇప్పుడు ఇంకో జాబ్ దొరకడం ఈజీ కాదు."

"ఆవిడ ఎందుకు మానేసిందో నాకు తెలుసు కదండీ."

"తెలిస్తే తెలిసింది. ఆ మాట వాళ్లు అడగరులే."

అడిగారు. విచారణకి ఆమె ఆదివారం చర్చికి పెట్టుకునే టోపీతో వచ్చింది. నా వైపు చూడలేదు.

"మానేస్తున్నానని ఆమె అందా?" అని అడిగాడు అధికారి.

"అంది."

"అప్పుడు ఆమెకి మునుపటిలా పూర్తి పని మీ దగ్గర ఉందా?"

"లేదు. నేనే తగ్గించాను. తగ్గించకపోతే వెళ్లేది కాదు."

పక్కన అధ్యక్షుడు కళ్లద్దాలు తీసి బల్లమీద పెట్టాడు.

ఆమెకి భృతి మంజూరైంది. విచారణ రోజు నేను బయటికొచ్చేసరికి ఆమె బస్సు కోసం నిలబడి ఉంది. కారాపి, "రా, డ్రాప్ చేస్తాను" అన్నాను.

"వద్దమ్మా. నువ్వు నిజమే చెప్పావ్, థాంక్స్. కానీ నన్ను పంపించేసిందీ నువ్వే. ఇవాళ నీ పక్కన కూర్చోలేను."

గొంతులో కోపం లేదు. అదే నాకు ఎక్కువ కష్టంగా అనిపించింది.

సంస్థ మూతపడలేదు. చలికాలమంతా వంట నేనే చేశాను. బోర్డువాళ్లు పనిమాటలు తప్ప నాతో మాట్లాడటం మానేశారు. వసంతంలో ఓ రోజు డ్రైవరు, ఆమె ఒక స్కూలు వంటశాలలో చేరిందని, దారిలో కనిపించిందని చెప్పాడు.

"నా గురించి అడిగిందా?" అన్నాను.

అతను, "మేం ఎక్కువసేపు మాట్లాడుకోలేదు" అని వ్యాన్‌లోకి భోజనాలు ఎక్కించడానికి వెళ్లాడు.