జుర్రుబావ ముక్కు

జుర్రుబావ టీ కంపెనీలో రుచి చూసే ఉద్యోగి. వరసగా పెట్టిన కప్పుల్లోంచి చెంచాతో టీ తీసి, పైకప్పు అదిరేలా జుర్రి, పక్కనున్న తొట్టిలో ఉమ్మేయడం అతని పని. అత్తవారింట్లోనూ అలవాటు కొద్దీ జుర్రి, తొట్టి కనబడక బిక్కమొహం వేసి మింగేశాడట. మరదళ్ళు అప్పుడు పెట్టిన పేరది.

మూతపెట్టిన పెట్టె పక్కనుంచి నడిచిపోయినా, లోపలి ఆకు కోసిన రోజు వాన పడిందో లేదో చెప్పేస్తాడని ఊరంతా అనుకునేది. అతనికి జలుబు చేస్తే కంపెనీకే సెలవంట.

మొన్న వానల్లో ఆ జలుబు నిజంగానే చేసింది. పోతూ పోతూ వాసనను కూడా వెంటబెట్టుకుపోయింది. తీపి, చేదు తెలుస్తున్నాయి. మిగతాదంతా వేడినీళ్ళే. ఎవరికీ చెప్పలేదు. రంగు చూసి నెట్టుకొస్తున్నాడు. ముక్కు పోయిందని తెలిస్తే రుచి చూసే గదిలో కుర్చీ కూడా పోతుంది.

ఆదివారం భార్య అంది: "ఏవండీ, కొత్త బేకరీలో గ్రీన్ టీ కేకులు చేస్తున్నారట. పదండి."

"టీ తాగాలి గానీ తింటారటే?"

"తినేవాళ్ళు తింటున్నారు. చెప్పులేసుకోండి."

తూర్పుదేశాల పద్ధతి బేకరీ అది. పళ్ళెం, పటకారు పట్టుకుని అద్దాల అరల ముందు తిరుగుతూ కావలసింది మనమే తీసుకోవాలి. దూదిలాంటి రొట్టెలు, మీగడ చుట్టలు. చీటీలు చదవడం తన స్థాయికి తక్కువనుకున్నాడేమో, జుర్రుబావ పచ్చగా కనబడ్డ చుట్టనొకదాన్ని పటకారుతో పట్టేశాడు. భార్య ఇంకేదో తీసుకుని డబ్బు కట్టి వచ్చింది.

"ఊఁ, చెప్పండి" అంది, అతని ముక్క ముందుకు తోసి.

అతను కళ్ళు మూసుకుని నమిలాడు. "నీడలో పెంచిన ఆకు. సముద్రపు గాలి తగిలింది. లేత కొసలు మాత్రమే కోశారు."

"సముద్రం కూడా తగిలిందా?"

"కొంచెం."

"అది పిస్తాదండీ. బిల్లులో అలాగే ఉంది."

జుర్రుబావ నమలడం ఆపాడు.

"ఎప్పటినుంచి?" అంది భార్య మెల్లగా.

"జలుబు నుంచి."

"నాకైనా చెప్పొద్దూ." అతని చొక్కా వైపు చూసింది. "అయితే మీ చొక్కాల వాసన కూడా మీకు తెలీదన్నమాట."

"ఏం వాసన?"

"పొగ. వారం నుంచీ. సిగరెట్లు మొదలెట్టారనుకున్నాను. ఇంట్లో అడిగితే అత్తయ్య వింటారని ఇక్కడికి లాక్కొచ్చాను."

జుర్రుబావ జన్మలో సిగరెట్ ముట్టలేదు. వారంగా అతను మోచేతుల దాకా చేతులు ముంచింది కొత్తగా వచ్చిన టీ బస్తాల్లో. ఆకు ఆరబెట్టే పొయ్యి చిల్లుపడితే పొగ ఆకుకి పట్టేస్తుంది. ఆ టీ ఎవరూ తాగలేరు. ఆ సరుకు బాగుందని సంతకం పెట్టింది తనే. తెల్లారితే పొట్లాలై దుకాణాలకు పోతుంది.

ఊరుకుంటే తప్పు పొయ్యి మీదికో, బస్తాల మీదికో తోసేయొచ్చు. భార్య అతని ఫోను అతని వైపు జరిపింది.

"అయ్యా, ఆ కొత్త సరుకు ఆపించండి. పొగ పట్టింది" అన్నాడు యజమానితో.

"నువ్వే కదయ్యా బాగుందన్నావు?"

"నాకు తెలీలేదండీ. ముక్కు పనిచేయడం లేదు."

యజమాని పకపకా నవ్వాడు. "నీ ముక్కా? ఇంకెవరికైనా చెప్పు." ఇటునుంచి నవ్వు వినబడకపోయేసరికి గొంతు మారింది. "ఎన్నాళ్ళయింది?"

"వానల నుంచి."

"అంటే ఇంతకుముందు పంపినవి?"

"అవీ రంగు చూసే పంపానండీ." "పొద్దున్నే రా" అని అవతల ఫోను పెట్టేశాడు.

భార్య తను తెచ్చుకున్న కేకు విప్పింది. అదీ పచ్చగానే ఉంది. సగం తుంచి అతని చేతిలో పెట్టింది. "ఇదీ అసలు గ్రీన్ టీ."

చాలాసేపు నమిలాడు.

"ఎలా ఉంది?"

"చేదుగా ఉంది."

"ఇంకా?"

"అంతే" అన్నాడు.