కందకానికి అవతల

కరోనా మొదటి ఏడాది, ఇంటి నుంచే పనిచేసి విసిగిపోయి, ఒక ఆదివారం జర్మనీలోని కొలోన్‌లో సైకిలుతో సహా రైలెక్కి డచ్ సరిహద్దు దాకా వెళ్లాను. అక్కడ పొలాల మధ్య, చుట్టూ నీళ్ల కందకంతో పాత ఇటుకల కోట ఒకటి కనిపించింది. గట్టు మీద ఒక పెద్దావిడ మాస్కు పెట్టుకుని మడతకుర్చీలో కూర్చుని ఉంది.

"లోపలికి వెళ్లి చూడొచ్చాండీ?" అని నా అరకొర జర్మన్‌లో అడిగాను.

"నన్నే రానివ్వడం లేదు," అందావిడ. "మధ్యయుగంలో ఒక డచ్ ప్రభువు శత్రువులు రాకుండా ఈ కందకం తవ్వించాడట. తర్వాత సరిహద్దు మారి కోట జర్మనీలోకి వచ్చింది. ఇప్పుడిది వృద్ధాశ్రమం. మా ఆయన అందులోనే ఉన్నారు. రెండు నెలలుగా ఇక్కణ్ణుంచే చూసుకుంటున్నాను."

అవతల తెరిచిన కిటికీ దగ్గర, చక్రాల కుర్చీలో ఒక ముసలాయన తల వంచుకుని ఉన్నారు.

"నా గొంతు అంత దూరం పోదు. మీరొకసారి పిలుస్తారా? పేరు విల్లెం."

మా తాతయ్య వయసు మనిషిని పేరు పెట్టి పిలవడానికి నోరు రాలేదు. ఆవిడకు దూరంగా జరిగి, మాస్కు కిందికి లాగి, "విల్లెం గారూ!" అని కేకేశాను. ఆయన తల ఎత్తలేదు.

"గారూ అంటే?"

"పెద్దవాళ్లను మేము ఉత్త పేరుతో పిలవమండీ. గౌరవంగా అది చేరుస్తాం."

"యాభై ఏళ్ల కాపురంలో నేనెప్పుడూ ఆయన్ని అలా పిలవలేదు," అని ఆవిడ లేచి నిలబడి, మాస్కు తీసి, నాతో కలిసి పిలిచింది.

"విల్లెం గారూ!"

ఆయన తలెత్తారు. మా వైపు చూస్తూ, మళ్లీ పిలవమన్నట్టు చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నారు.

మళ్లీ పిలిచాం.