ఆలోచించే సైగ

ఆ పద్ధతి నాకు ఎంత నచ్చిందంటే, రెండు రోజుల శిక్షణ ముగిసిన సాయంత్రమే ఇంట్లో మా ఆయన మీద ప్రయోగించాను. శిక్షణ నాంపల్లిలో ఒక హాల్లో జరిగింది. చేయి, కన్ను, చెవి, నోరు కలిసి పనిచేస్తే మెదడు పాఠాన్ని గట్టిగా పట్టుకుంటుందని అక్కడ చెప్పారు. టీచరు "క్లాస్!" అంటే పిల్లలు "యస్!" అనాలి, అదీ టీచరు ఏ గొంతుతో అంటే ఆ గొంతుతోనే. "మిర్రర్!" అంటే ఆవిడ ఏం చేస్తే అది చేయాలి. "టీచ్!" అంటే పక్కవాళ్ల వైపు తిరిగి ఆ ముక్కనే పాఠంగా చెప్పాలి. నేను వంటింట్లోంచి "క్లాస్!" అని కేకేస్తే మా ఆయన పేపరు దించకుండానే "యస్!" అన్నాడు. పప్పు మాడుతోందని కూడా అదే గొంతుతో చెప్పాడు.

అప్పటికి పదిహేనేళ్లుగా అయిదో తరగతికి సైన్సు చెబుతున్నాను. అబిడ్స్ పెద్ద పోస్టాఫీసు దగ్గర బస్సు దిగి నాంపల్లి వైపు సందుల్లో నడిస్తే మా స్కూలు. బయట ఆటోల హారన్లు, లోపల పిల్లల ఆవులింతలు, మధ్యలో నా సుద్దముక్క. అలాంటి క్లాసు వారం రోజుల్లో మారిపోయింది. వెనక బెంచీలో నిద్రపోయేవాళ్లు కూడా చేతులు తిప్పుతూ ఊపిరితిత్తులు, గుండె అప్పజెప్పేస్తున్నారు. నా ఆనందానికి పట్టపగ్గాల్లేవు. ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద వెతికి మెదడు గురించి రెండు పాత పుస్తకాలు కొన్నాను. అర్థమైంది కొంతే, అయినా స్టాఫ్‌రూములో అందరికీ కనిపించేలా పెట్టుకున్నాను.

పక్క గదిలో తెలుగు చెప్పే పంతులుగారు మాత్రం ఒకరోజు గుమ్మంలో నిలబడి, "ఏంది మేడం, మీ క్లాసుల పాఠం నడుస్తుందా, పెండ్లి బరాత్ నడుస్తుందా?" అన్నారు. ఆయనకి కుళ్లు అనుకున్నాను.

ఆ క్లాసులో ఒక అమ్మాయి ఉండేది. వాళ్ల నాన్నకి అబిడ్స్‌లో గడియారాలు బాగుచేసే చిన్న దుకాణం. ఏ ప్రశ్న అడిగినా లేచి నిలబడి, రెండు కళ్లూ గట్టిగా మూసుకుని, వేళ్ల కణుపులతో నుదుటి మీద మెల్లగా మూడుసార్లు తట్టుకునేది. తర్వాత కళ్లు తెరిచి జవాబు చెప్పేది. ఎప్పుడూ తప్పు చెప్పగా నేను వినలేదు. అంతకుముందు ఆ అలవాటు నాకు ముద్దుగానే ఉండేది. కొత్త పద్ధతి వచ్చాక అంతా చకచకా సాగాలి కదా, ఆ పిల్ల తట్టుకునే అయిదు క్షణాలూ నాకు పంటికింద రాయిలా తగలడం మొదలైంది.

నా క్లాసు సంగతి కరస్పాండెంట్ సారు దాకా వెళ్లింది. స్కూలు ఆయనదే. వేరే స్కూళ్ల నుంచి టీచర్లను పిలిచి నా పాఠం చూపించాలని ఆయన ముచ్చట. ఆ రోజు గంజిపెట్టిన చీర కట్టుకుని వెళ్లాను. వెనక వరుసలో కుర్చీలు వేసుకుని ఆరుగురు టీచర్లు, వాళ్ల మధ్యలో సారు. పాఠం జీర్ణవ్యవస్థ. "మిర్రర్!" అన్నాను. నేను నోరు చూపిస్తే అందరూ నోరు, గొంతు మీదుగా వేలు దించితే అందరూ దించారు. పొట్ట దగ్గర చేతులు గుండ్రంగా తిప్పితే గదంతా తిరిగింది. నేను గాల్లో తేలిపోతున్నాను.

అన్నంలోని సారమంతా ఒంటికి పట్టేది ఎక్కడ అని ఆ అమ్మాయిని అడిగాను. కావాలనే ఆమెను ఎంచుకున్నాను, తప్పు చెప్పదని. ఆమె లేచి కళ్లు మూసుకుంది. తట్టుకోవడం మొదలుపెట్టింది. వెనక ఎవరో దగ్గారు. సారు వాచీ చూసుకున్నారు. నాకు చిర్రెత్తుకొచ్చింది. కింది పెదవి ముందుకు పెట్టి, కళ్లు చికిలించి మూసి, ఆ పిల్లలాగే నుదుటి మీద టక్ టక్ టక్ మని కొట్టుకున్నాను. వెక్కిరించాను. దానికి ఇంకో మాట లేదు.

"మిర్రర్" అన్నదాన్ని ఆపమని చెప్పలేదన్న సంగతి మర్చిపోయాను. కళ్లు తెరిచేసరికి క్లాసు క్లాసంతా పెదవులు ముందుకు పెట్టి, కళ్లు మూసుకుని, నుదుళ్లు కొట్టుకుంటోంది. వాళ్ల తప్పేం లేదు, నేను నేర్పిందే చేశారు. ఆ చప్పుడుకి ఆ అమ్మాయి కళ్లు తెరిచి చుట్టూ చూసింది. తర్వాత నావైపు చూసింది. ఆమె చెయ్యి ఇంకా నుదుటి దగ్గరే ఉంది.

అంతలో వెనక నుంచి చప్పట్లు. వచ్చిన టీచర్లలో ఒకావిడ, "ఎంత బాగుంది మేడం! ఆలోచించడానికి కూడా ఒక సైగ పెట్టారా?" అంది.

కాదండీ అనడానికి ఎంతసేపు పడుతుంది? "అవునండీ, ఆలోచించే సైగ. మేమే తయారుచేసుకున్నాం," అన్నాను. ఆరుగురూ నోటుపుస్తకాల్లో రాసుకున్నారు. ఆ అమ్మాయి జవాబు చెప్పకుండానే కూర్చుంది. నేను ఇంకొకరిని లేపాను.

ఆ సాయంత్రం సారు మొజంజాహీ మార్కెట్ నుంచి స్టాఫ్ అందరికీ ఐస్‌క్రీం తెప్పించారు. నేను రెండు కప్పులు తిన్నాను.

మర్నాటి నుంచి ఆ అమ్మాయి చేతులు తొడల కింద పెట్టుకుని కూర్చునేది. ఏం అడిగినా కళ్లు తెరుచుకునే, వెంటనే, "తెల్వదు టీచర్" అనేది. నా పద్ధతికి కావలసిన వేగం ఆమెకు వచ్చేసింది. సారు మాత్రం ఆ సైగని అన్ని తరగతుల్లోనూ పెట్టించారు. ప్రార్థన అయ్యాక స్కూలంతా ఒకసారి కళ్లు మూసుకుని నుదురు తట్టుకోవాలి. ఆ వరసలో ఆమె కూడా తట్టుకునేది.

రెండు నెలలకి వాళ్లమ్మ వచ్చింది. "మేడం, ఇంట్ల గూడ గిట్లనే ఉంటుంది. ఏమడిగినా తెల్వదంటది. క్లాసుల ఏమన్న అయిందా?" అని అడిగింది. చీర కొంగు వేలికి చుట్టుకుంటూ, నన్ను నమ్మి అడిగింది.

"ఏం కాలేదమ్మా. ఈ వయసులో మామూలే," అన్నాను. క్లాసులో చేసింది కోపంలో చేశానని సర్దిచెప్పుకోవచ్చు. ఇది మాత్రం నింపాదిగా, నవ్వుతూ చెప్పిన అబద్ధం. ఇప్పటికీ నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇదే.

మా స్కూలు అయిదో తరగతి వరకే. పెద్ద పరీక్షలయ్యాక పిల్లలు వేరే స్కూళ్లకి వెళ్లిపోతారు. ఆఖరి వారంలో ఒక మధ్యాహ్నం, అందరూ అన్నాలకి వెళ్లాక ఆ అమ్మాయిని ఆగమన్నాను. ఎదురుగా కూర్చోబెట్టుకుని చెప్పాను. ఆ రోజు చేసింది సైగ కాదు, నిన్ను వెక్కిరించాను, తర్వాత అందరి ముందూ అబద్ధమాడాను, తప్పంతా నాదే అన్నాను.

"తెల్సు టీచర్," అంది.

"కొత్త స్కూల్లో నీకెలా అలవాటో అలాగే ఆలోచించుకో తల్లీ. ఎవరేమనుకున్నా సరే, కళ్లు మూసుకుని తట్టుకో. అది నీది."

బెంచీ అంచు గోకింది. తర్వాత నామీద కోపమేమీ లేకుండా, లెక్క ఎక్కడ ఆగిపోయిందో చెప్పినట్టు చెప్పింది.

"ఇంట్ల చేసి చూసిన టీచర్. కండ్లు మూస్తే అందరు గట్ల కొట్టుకునుడే కనవడ్తది. జవాబు వస్తలేదు."